విద్యార్థి నిద్ర, మెలటోనిన్ వేళలు

(అనంతపురంలో డిగ్రీ, పీజీ విద్యార్థులను, అధ్యాపకులను ఉద్దేశించి శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నాకిచ్చిన అంశం విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో నిద్ర నాణ్యత, మెలటోనిన్ స్థాయిలు. ఈ రెండు మాటలు పక్కపక్కన వినగానే చాలామందికి ఒక లెక్క తడుతుంది: మెలటోనిన్ తక్కువ ఉన్నవారికి నిద్ర పట్టదు, ఎక్కువ ఉన్నవారికి హాయిగా పడుతుంది, తక్కువైతే మందుల షాపులో మాత్ర కొని ఆ లోటు పూడ్చుకోవచ్చు అని. విషయం అంత సూటిగా లేదు. మీ వయసువారి నిద్ర చెడిపోవడానికీ మెలటోనిన్‌కూ సంబంధం ఉన్నమాట నిజమే గాని, ఆ సంబంధం చాలావరకు అది రాత్రి ఏ వేళకు మొదలవుతోంది, పొద్దున ఏ వేళకు తగ్గుతోంది అన్నదానిలోనే ఉంది. ఈ గంటసేపు నేను ప్రధానంగా మాట్లాడబోయేది ఆ వేళల గురించే.

1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు పశువుల పీనియల్ గ్రంథుల నుంచి ఈ పదార్థాన్ని వేరు చేశాడు. ఆయన వెతికింది నిద్రమందు కోసం కాదు, చర్మం రంగును మార్చే పదార్థం కోసం; కప్ప చర్మాన్ని తెల్లబరిచే గుణం దీనికి ఉందని అప్పుడు తేలింది. మనిషి మెదడు నడిమధ్యన, సెంటీమీటరు పొడవు కూడా లేని పీనియల్ గ్రంథిలో, మనం తినే మాంసకృత్తుల నుంచి వచ్చే ట్రిప్టోఫాన్ ముందు సెరటోనిన్‌గా, ఆ తర్వాత మెలటోనిన్‌గా మారుతుంది. ఈ చివరి మార్పుకు కావలసిన ఎంజైము పని రాత్రిళ్లే పుంజుకుంటుంది. తయారైనది తయారైనట్టే రక్తంలోకి వెళ్లిపోతుంది గాని గ్రంథిలో నిల్వ ఉండదు. పగటిపూట మిల్లీలీటరు రక్తంలో పది పికోగ్రాములకు (పికోగ్రాము అంటే గ్రాములో లక్షకోట్లవ వంతు) లోపే ఉండే మెలటోనిన్ మామూలుగా నిద్రవేళకు రెండు మూడు గంటల ముందు పెరగడం మొదలై, తెల్లవారుజామున రెండు నాలుగు గంటల మధ్య పతాకస్థాయికి చేరి, వెలుతురు వచ్చేసరికి తగ్గుతుంది.

ఎప్పుడు పెరగాలో గ్రంథికి చెప్పేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలోని సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం. సుమారు ఇరవై వేల నాడీకణాలున్న ఈ చిన్న గుంపునే మనం జీవగడియారం అంటున్నాం. ఇక్కడ శరీర నిర్మాణంలో ఒక విచిత్రం ఉంది. గడియారమూ గ్రంథీ రెండూ మెదడులోనే, దగ్గర దగ్గరగానే ఉన్నా, వాటి మధ్య సంకేతం వెన్నుపాములోకి దిగి, మెడ దగ్గరి నాడీకణాల ముడి (గాంగ్లియాన్) మీదుగా తిరిగి తలలోకి ఎక్కుతుంది. అందుకే ప్రమాదాల్లో మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవారిలో రాత్రి మెలటోనిన్ పెరుగుదల కనిపించదు.

మెలటోనిన్ చేసే పని పూర్వం మన ఊళ్లలో దండోరా వేసినవాడి పని లాంటిది. పొద్దు గూకింది, ఇక రాత్రి అని అది ఒళ్లంతా చాటుతుంది. ఆ మాట విని ఎవరి పని వారు చేసుకోవాలి. దీనికి గట్టి సాక్ష్యం నిశాచర జంతువుల్లో ఉంది. ఎలుకలోనూ మెలటోనిన్ పెరిగేది రాత్రే, ఎలుక చురుకుగా తిరిగేదీ రాత్రే. అది అసలు నిద్రమందే అయితే ఎలుకలు చీకట్లో మన ధాన్యం గాదెల జోలికి వచ్చేవి కావు. మనం పగటి జీవులం కాబట్టి, రాత్రి అన్న సంకేతాన్ని మన శరీరం నిద్రకు సిద్ధం కావడానికి వాడుకుంటుంది: చేతులు, పాదాల రక్తనాళాలు వెడల్పవుతాయి, ఒంటి వేడి చర్మం గుండా బయటికి పోతుంది, లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా దిగుతుంది, మెలకువను నిలిపి ఉంచే వ్యవస్థ సద్దుమణుగుతుంది.

ఈ గడియారాన్ని ముందుకూ వెనక్కూ జరిపే వాటిలో అన్నిటికన్నా బలమైనది వెలుతురు. వెలుతురు ఎక్కువగా ఉంటే మనుషుల్లో మెలటోనిన్ అణగిపోతుందని 1980లో మొదటిసారి రుజువైంది. ఆ ప్రయోగంలో 2,500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు వాడారు. కంట్లో చూపుకు పనికివచ్చే కణాలు కాక, మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న కొన్ని నాడీకణాలు వెలుతురును గుర్తించి నేరుగా గడియారానికి తెలియజేస్తాయని 2002లో తేలింది. ఇవి ముఖ్యంగా 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి నీలి వెలుగుకు స్పందిస్తాయి. చూపు పోయినా ఈ కణాలు మిగిలి ఉన్న కొందరు అంధుల్లో సైతం వెలుతురు పడితే మెలటోనిన్ తగ్గడం చూశారు.

2,500 లక్స్ మా గదిలో ఎక్కడిది అని మీరు అడగవచ్చు. మామూలు గది దీపం చాలునని 2011లో 116 మందితో చేసిన అధ్యయనం చూపింది. నిద్రకు ముందు 200 లక్స్‌కు లోపు ఉన్న గది వెలుతురులో గడిపినప్పుడు, దాదాపు చీకటి లాంటి మసక వెలుతురులో గడిపినప్పటికన్నా మెలటోనిన్ ఆలస్యంగా మొదలైంది. అది రక్తంలో ఉండే కాలం సుమారు తొంభై నిమిషాలు తగ్గింది. 2019లో వచ్చిన మరో పరిశోధనలో సగటున 30 లక్స్‌కు లోపు వెలుతురే మెలటోనిన్‌ను సగానికి తగ్గించగలిగింది. అందులోనే, వెలుతురుకు స్పందించడంలో మనిషికీ మనిషికీ యాభై రెట్లకు పైగా తేడా కనిపించింది. హాస్టల్ గదిలో నలుగురుంటే, ఒంటిగంట దాకా వెలిగే ట్యూబ్‌లైటు కింద ఒకరు ముసుగు తన్ని గురక పెడుతుంటే పక్క మంచం మీద ఇంకొకరు దొర్లడానికి ఈ తేడా కూడా ఒక కారణం. లైటు ఆర్పమన్నవారిని సుకుమారులని ఆటపట్టించే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక ఫోను. నిద్రకు సంబంధించిన ఏ సభలోనైనా ఫోనును దోషిగా నిలబెట్టడం ఆనవాయితీ అయింది. 2015లో పన్నెండుమందితో చేసిన ఒక ప్రయోగాన్ని అందరూ ఉదాహరిస్తారు. నిద్రకు ముందు నాలుగేసి గంటలు వెలిగే తెర మీద పుస్తకం చదివినవారిలో మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది, మరునాటి రాత్రి దాని ఆరంభం గంటన్నర ఆలస్యమైంది. కాని అదే ప్రయోగంలో నిద్ర పట్టడానికి ఎక్కువ తీసుకున్న సమయం సుమారు పది నిమిషాలు మాత్రమే. పగలంతా మంచి వెలుతురులో గడిపినవారిలో సాయంత్రం రెండు గంటలు టాబ్లెట్ చదవడం మెలటోనిన్‌ను పెద్దగా కదిలించలేదని 2016లో స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు చూపారు. నా ఉద్దేశంలో ఫోను తెర కాంతి కన్నా ఫోనులోని సరుకే ఎక్కువ అపకారి. ఒక రీలు తర్వాత ఇంకొక రీలు, మిత్రుడి మెసేజ్, దానికి జవాబు, ఆ జవాబు మీద వాదన. ఇవి మెలటోనిన్‌తో పని లేకుండానే నిద్రవేళను గంటల కొద్దీ జరుపుతాయి. నెత్తిమీది ట్యూబ్‌లైటును వదిలేసి ఫోనుకు పసుపు రంగు ఫిల్టరు పెట్టుకుని నిశ్చింతగా ఉండటంలో అర్థం లేదు.

ఇప్పుడు మీ వయసు సంగతికి వస్తాను. మీరు రాత్రి ఆలస్యంగా పడుకుని పొద్దెక్కి లేవడాన్ని పెద్దలు బద్ధకంగా చూస్తారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. బాల్యం దాటినప్పటి నుంచి జీవగడియారం ఏటేటా కాస్త వెనకబడుతూ, ఇరవై ఏళ్ల ప్రాంతంలో అన్నిటికన్నా ఆలస్యంగా నడిచి, ఆ తర్వాత మెల్లగా ముందుకు జరుగుతుంది. 2004లో జర్మనీకి చెందిన టిల్ రోన్నెబర్గ్ బృందం ఈ మలుపును అమ్మాయిల్లో సుమారు 19.5 ఏళ్లకు, అబ్బాయిల్లో సుమారు 20.9 ఏళ్లకు గుర్తించింది. సరిగ్గా మీరు డిగ్రీ ముగించి పీజీలో చేరే కాలం. పదింటికి నిద్ర రావడం లేదన్న విద్యార్థి అబద్ధం చెప్పడం లేదు. అయితే ప్రకృతి పెట్టే ఆలస్యం కొంతే. దాన్ని రెండింటికీ మూడింటికీ సాగదీసేది మనం బతికే తీరు.

ఆ తీరు ఎలా ఉంటుందో ఒక మామూలు రోజులో చూద్దాం. రాత్రి ఎనిమిదిన్నరకు మెస్‌లో భోజనం, పదింటి దాకా కబుర్లు, పది తర్వాత పుస్తకం, పదకొండున్నరకు గేటు బయట బంకు దగ్గర టీ, ఒంటిగంటకు మంచమెక్కి రెండున్నర దాకా ఫోను. పొద్దున తొమ్మిదిన్నరకు క్లాసు కాబట్టి తొమ్మిదికి లేస్తారు. మెస్‌లో ఉగ్గాని, బజ్జీ అయిపోయి ఉంటాయి. ఖాళీ కడుపుతో గదిలోంచి క్లాసుగదికి నడక. క్లాసుగదిలో ఉండే వెలుతురు మహా అయితే కొన్ని వందల లక్స్. బయట చెట్టు నీడలో నిలబడ్డా కొన్ని వేల లక్స్, నిండు ఎండలో లక్ష దాకా ఉంటుంది. రాయలసీమలో ఏడాది పొడుగునా ఇంత వెలుతురు ఉచితంగా దొరుకుతుంటే, మన విద్యార్థి పగలు చీకట్లోనూ రాత్రి వెలుగులోనూ బతుకుతున్నాడు. గడియారానికి పగలేదో రాత్రేదో తేడా తెలియకుండా పోతోంది.

ఆదివారం ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. వారమంతా తగ్గిన నిద్రను పూడ్చుకోవడానికి పన్నెండింటి దాకా పడుకుంటారు. పొద్దుటి వెలుతురు పూర్తిగా తప్పిపోతుంది. రాత్రి మూడైనా కన్ను మూతపడదు. సోమవారం మళ్లీ తొమ్మిదిన్నరకు క్లాసు. విమానం ఎక్కకుండానే వారం వారం రెండు మూడు గంటల దూరపు దేశానికి వెళ్లి వచ్చినట్టు శరీరం ఇబ్బంది పడుతుంది. పరిశోధకులు దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టారు.

ఈ విషయంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే అధ్యయనం 2017లో వచ్చింది. హార్వర్డ్‌లో 61 మంది డిగ్రీ విద్యార్థులను ముప్ఫై రోజులు గమనించి, నిద్రవేళలు క్రమంగా ఉన్నవారినీ క్రమం తప్పినవారినీ పోల్చారు. రెండు గుంపులూ సగటున పడుకున్న గంటల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా క్రమం తప్పినవారిలో మెలటోనిన్ ఆరంభం సుమారు 2.6 గంటలు ఆలస్యంగా ఉంది. వారి మార్కులు కూడా తక్కువగా ఉన్నాయి. వారు పగలు వెలుతురు తక్కువగానూ రాత్రి ఎక్కువగానూ పొందుతున్నారని కూడా అందులో తేలింది. నిద్ర చెడినందుకు మార్కులు తగ్గాయో, చదువు గడబిడ వల్ల నిద్ర చెడిందో ఇలాంటి పరిశీలన ఒక్కటే తేల్చలేదు. కాని ఏడు గంటలు పడుకుంటున్నాను కదా, ఎప్పుడు పడుకుంటే ఏమిటి అనే వాదనకు ఇది సరైన జవాబు. పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల వారికి ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలన్న సిఫారసు ఎలాగూ ఉండనే ఉంది.

మరి రేపటి నుంచే అయిదింటికి లేవాలా? ఇక్కడ జాగ్రత్త అవసరం. వెలుతురు ఏ వేళ పడిందన్నదాన్ని బట్టి గడియారాన్ని ముందుకైనా జరుపుతుంది, వెనక్కైనా జరుపుతుంది. ఒంటి ఉష్ణోగ్రత రాత్రంతా దిగుతూ వచ్చి, మామూలుగా లేచే సమయానికి రెండు మూడు గంటల ముందు అడుగుకు చేరుతుంది. ఆ ఘడియకు ముందు పడే వెలుతురు గడియారాన్ని వెనక్కి నెడుతుంది, తర్వాత పడేది ముందుకు తెస్తుంది. తొమ్మిదింటికి లేచే అలవాటున్నవారికి ఆ ఘడియ సుమారు ఆరు ఏడు మధ్య ఉంటుంది. అలాంటివారు ఒక్కసారిగా అయిదింటికి అలారం పెట్టుకుని లైట్లన్నీ వేసుకు కూర్చుంటే గడియారం ఇంకా వెనక్కి పోయే ప్రమాదముంది. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకునే తాతగారికి బ్రాహ్మీ ముహూర్తం అచ్చివచ్చింది. రెండున్నరకు పడుకునే మనవడికి ముందు ఎనిమిదిన్నర, నాలుగైదు రోజులకు ఎనిమిది, ఆ తర్వాత ఏడున్నర, లేవగానే అరగంట ఆరుబయట, ఇదీ దారి. సెలవురోజు కూడా ఆ వేళకు గంటకు మించి తేడా రానివ్వకూడదు.

మన ప్రాంతానికి సంబంధించిన రెండు విషయాలు చెప్పాలి. దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. అనంతపురం దానికి పడమట, సుమారు 77.6 డిగ్రీల దగ్గర ఉంది. కాబట్టి ఇక్కడ సూర్యుడు చేతిగడియారం కన్నా దాదాపు ఇరవై నిమిషాలు వెనక ఉంటాడు. ఇది పెద్ద తేడా కాదు, ఊరికే ప్రస్తావించాను. రెండోది పెద్దది, వేడి. నిద్ర పట్టాలంటే ఒళ్లు చల్లబడాలని చెప్పాను. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాగిన సిమెంటు మిద్దె రాత్రి ఒంటిగంట దాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. పై అంతస్తు గదిలో ఫ్యాను తిప్పేది వేడిగాలినే. సరిగ్గా అప్పుడే పరీక్షలు. మన పల్లెల్లో వేసవి రాత్రులు మిద్దె పైన నీళ్లు చల్లి చాపలు పరచుకోవడం శరీరధర్మం తెలిసిన పని. హాస్టల్ పైకప్పుకు తెల్లని కూల్ రూఫ్ పూత వేయించడం, కారిడార్లలో మంచాల మీదికి కొట్టే తెల్ల దీపాల స్థానంలో కిందికి మాత్రమే వెలుగు పడే పసుపు దీపాలు పెట్టించడం అధికారుల చేతిలో ఉన్న పనులు. నిద్ర అంతా విద్యార్థి క్రమశిక్షణ మీదికే నెట్టడం నాకు న్యాయంగా తోచదు.

పరీక్షల ముందు నైట్‌అవుట్ల గురించి క్లుప్తంగా. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ పోగై నిద్ర ఒత్తిడిని పెంచుతుంది; టీ, కాఫీలలోని కెఫీన్ ఆ అడినోసిన్‌కు అడ్డు నిలుస్తుంది గాని దాన్ని తొలగించదు. పుచ్చుకున్న కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. నిద్రకు మూడు గంటల ముందు రెండు ఎస్ప్రెసోలంత కెఫీన్ తీసుకుంటే మెలటోనిన్ వేళ సుమారు నలభై నిమిషాలు వెనక్కి జరుగుతుందని 2015లో కొలిచారు కూడా. చదివింది మనసులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, రాత్రంతా చదివి నిద్ర మానడం నాట్లు వేసి నీళ్లు కట్టకపోవడమే.

మాత్రల గురించి ప్రశ్న వస్తుందని తెలుసు గనుక ముందే చెబుతాను. రక్తంలో మెలటోనిన్‌ను సహజమైన రాత్రి స్థాయికి తేవడానికి 0.3 మిల్లీగ్రాములు చాలు. దుకాణాల్లో దొరికేవి మూడు, అయిదు, పది మిల్లీగ్రాములు. చీటీ మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేని సందర్భాలున్నాయి. కెనడాలో 31 ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రకటించిన ఫలితాల్లో, రాసినదానికన్నా 83 శాతం తక్కువ ఉన్నదీ, 478 శాతం ఎక్కువ ఉన్నదీ కనిపించాయి. ఐరోపాలో 2007లో ఆమోదం పొందిన నెమ్మదిగా కరిగే రెండు మిల్లీగ్రాముల మాత్ర 55 ఏళ్లు, ఆపైబడినవారికి ఉద్దేశించినది. అమెరికా నిద్రవైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక నిద్రలేమికి మెలటోనిన్‌ను వాడవద్దనే సూచించింది. గడియారం బాగా వెనకబడినవారికి వైద్యులు తక్కువ మోతాదులో, నిద్రకు కొన్ని గంటల ముందు ఇస్తారు. అక్కడ కూడా ప్రాణం వేళలోనే ఉంది, తప్పు వేళకు మింగితే గడియారం తప్పు దిక్కుకు జరుగుతుంది. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే, గురకతో ఊపిరాడక మెలకువ వస్తుంటే, దిగులు వదలకపోతే మాత్రలకు కాదు, వైద్యుడి దగ్గరకు వెళ్లండి. మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు.

చివరగా, ఈ అంశం మీద ప్రాజెక్టులు చేస్తున్నవారికి కొన్ని మాటలు. విద్యార్థులకు పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యత సూచిక ప్రశ్నావళి ఇవ్వడం, ఉదయం పదింటికి ఒక్క రక్త నమూనా తీసి మెలటోనిన్ కొలవడం, రెండు అంకెల మధ్య సహసంబంధం లెక్కకట్టడం. ఇలాంటి ప్రణాళికలు తరచు నా ముందుకు వస్తాయి. ఆ ప్రశ్నావళి మంచిదే. 1989లో రూపొందిన అందులో పంతొమ్మిది ప్రశ్నలు, ఏడు విభాగాలు ఉంటాయి. మొత్తం 21లో అయిదు దాటితే నిద్ర బాగాలేదని అర్థం. అయితే అది గడచిన నెల గురించి విద్యార్థి జ్ఞాపకం. పదింటి రక్తంలో మెలటోనిన్ దాదాపు ఎవరిలోనూ ఉండదు. ఒకవేళ రాత్రిపూట తీసినా, ఆరోగ్యంగా నిద్రపోయే ఇద్దరి మధ్యనే ఆ అంకె ఎన్నో రెట్లు తేడాగా ఉండవచ్చు. అంత శ్రమపడి చివరికి చెప్పగలిగేది ఏమీ ఉండదు.

ఆరంభ వేళను పట్టుకోవాలంటే పద్ధతి వేరు. సాయంత్రం నుంచి విద్యార్థిని పది లక్స్‌కు లోపు మసక వెలుతురున్న గదిలో కూర్చోబెట్టాలి. అరటిపండు, చాక్లెట్, కాఫీ, టీ ఇవ్వకూడదు; పళ్లపొడి, పేస్టు వాడనివ్వకూడదు; నమూనాకు ముందు కాసేపు కదలకుండా కూర్చోమనాలి. అరగంటకోసారి ఒక చిన్న దూదిచుట్టను నోట్లో వేసుకుని మెల్లగా నమిలి గొట్టంలో వేయమనాలి. దాన్ని వెంటనే చల్లబరచి, తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి లాలాజలం తీసి ఎలైజా పద్ధతిలో (ప్రతిరక్షకాల సాయంతో చేసే ప్రయోగశాల పరీక్షలో) కొలవాలి. మిల్లీలీటరుకు మూడు నాలుగు పికోగ్రాములు దాటిన క్షణమే ఆరంభం. ఇన్ని నమూనాలు కొలవడానికి డబ్బు చాలకపోతే రాత్రి నుంచి ఉదయం వరకు మూత్రం సేకరించి, మెలటోనిన్ విరిగిపోగా వచ్చే సల్ఫటాక్సీమెలటోనిన్‌ను, మూత్రం ఎంత చిక్కగా ఉందో తెలిపే క్రియాటినిన్‌తో సరిచూసి కొలవవచ్చు; అది రాత్రి మొత్తంలో ఎంత తయారైందో చెబుతుంది గాని ఎప్పుడు మొదలైందో చెప్పదు. అదీ వీలుకాకపోతే ఏ ప్రయోగశాలా అక్కర్లేకుండా రెండు వారాల నిద్ర డైరీ రాయించి, పడుకున్న, లేచిన వేళలు రోజు రోజుకూ ఎంత మారుతున్నాయో లెక్కకట్టండి. పదింటి రక్తపు అంకె కన్నా దాని విలువ ఎక్కువ. పరీక్షల వారాలను, మామూలు వారాలను విడివిడిగా చూడండి. ఏ అంతస్తు గదో, గదిలో ఎంతమందో, రాత్రి లైటు ఎప్పుడు ఆర్పుతున్నారో రాయించండి. కడప, కర్నూలు వైపు కళాశాలల్లో సేకరిస్తుంటే రంజాన్ నెలలో సహర్‌కు, అంటే తెల్లవారకముందటి భోజనానికి, లేచే విద్యార్థుల వివరాలను వేరుగా నమోదు చేయండి. ఆ నెలలో భోజనమూ నిద్రా రాత్రిలో చోటు మారతాయి కాబట్టి, మిగిలిన నెలల అంకెలతో కలిపేస్తే రెండూ చెడతాయి.